పికప్ మార్చే ముందు, దాన్ని దేనికి గుచ్చుతున్నారో చూడండి

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది రాయగడ. మా పెదనాన్నగారు కలకత్తాలో హోటల్ బ్యాండుల్లో డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించేవారు. ఆయన పోయాక ఆ వాయిద్యం నా దగ్గరికి వచ్చింది. రెండేళ్ళుగా మా చర్చిలో తెలుగు ఆరాధనకి, అప్పుడప్పుడు పెళ్ళి రిసెప్షన్లకి వాయిస్తున్నాను. వేళ్ళతోనే వాయిస్తాను, బో లేదు. ముందర మైకు పెడితే సౌండు కొంచెం పెంచగానే ఊళ పెడుతోంది. ఆన్‌లైన్లో నాలుగు వందలకి ఒక క్లిప్ పికప్ (వాయిద్యం అదురుని కరెంటుగా మార్చే ముక్క) కొని, బ్రిడ్జికి (తీగలు ఆనే చెక్కకి) తగిలించి, మిక్సర్‌కి పెట్టాను. ఊళ తగ్గింది గానీ బేసే పోయింది. రేకు డబ్బా మీద గోటితో మీటినట్టు ఉంది. మంచి పికప్ ఏది కొనాలి? పదిహేను వేలు దాచాను. బొబ్బిలిలో వీణలు చేసేవాళ్ళు తెలుసు. బ్రిడ్జి విప్పి పట్టుకెళ్ళి వాళ్ళ చేత బిగింపించమంటారా? వాయిద్యానికి చిల్లు పెట్టాలా? క్రిస్మస్‌కి సిద్ధం కావాలి.
(పేరు రాయవద్దన్నారు)

జవాబు: తమ్ముడూ, మిగతా ప్రశ్నలన్నీ తర్వాత. ముందు ఒక్క మాట: బ్రిడ్జి విప్పకండి.

మీ డబుల్ బేస్ కడుపులో, బ్రిడ్జి కుడి పాదానికి (సన్న తీగ వైపు) కొంచెం వెనగ్గా, పైచెక్కకీ కిందిచెక్కకీ మధ్య ఒక గుండ్రటి కర్ర నిలబడి ఉంటుంది. దాన్నే సౌండ్ పోస్ట్ అంటారు. ఫ్రెంచి వాళ్ళు దానికి పెట్టిన పేరుకి ఆత్మ అని అర్థం. అక్కడ జిగురు లేదు, మేకు లేదు. ఉక్కు తీగలు నాలుగూ కలిసి వంద కేజీలకి పైగా లాగుతుంటే, ఆ లాగుడులో కొంత బ్రిడ్జి మీదుగా పైచెక్కని కిందికి నొక్కుతుంది. ఆ నొక్కుడుకే కర్ర నిలుస్తుంది. తీగలన్నీ ఒకేసారి వదిలేస్తే పడిపోవచ్చు.

నాకు అలా పడింది. బరంపురంలో ఒక డిసెంబరు రాత్రి, తీగలు మార్చుదామని నాలుగూ ఒకేసారి వదులు చేశాను. లోపల టక్కుమని చిన్న చప్పుడు. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి వంకర కడ్డీ లాంటి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, పైచెక్క మీది ఎఫ్ ఆకారం రంధ్రంలోంచి చూస్తూ పెట్టే చెయ్యి కావాలి. ఆ రెండూ దొరికేసరికి సంక్రాంతి వెళ్ళిపోయింది. కర్ర లేకుండా తీగలు బిగిస్తే ఇంకా ప్రమాదం, పైచెక్క కుంగిపోతుంది, పగుళ్ళు కూడా వస్తాయి. పెదనాన్నగారి వాయిద్యం అన్నారు కాబట్టి ఇది మొదటే రాయాలనిపించింది.

ఇక మీ అసలు సమస్య. ఉత్తరం చదివాక నాకు అర్థమైనదేమిటంటే, ఆ నాలుగు వందల పికప్ మీరు అనుకున్నంత చెడ్డది కాకపోవచ్చు. దాన్ని గుచ్చిన చోటే తప్పు.

ఆ క్లిప్‌లో ఉన్నది పీజో. కొన్ని స్ఫటికాలని నొక్కితే వాటి మీద విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ అన్నదమ్ములు, జాక్, పియేర్, కనిపెట్టారు. ఇవాళ పికప్‌లో ఉండేది ఆ గుణం ఉన్న పింగాణీ బిళ్ళ. తీగ మీటితే బ్రిడ్జి కదులుతుంది, బిళ్ళ నలుగుతుంది, కాస్తంత విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్తే. ఎండాకాలం నాగావళి ఇసుకలో తవ్విన చెలమ చూసే ఉంటారు. చిన్న చిప్పతో నెమ్మదిగా తోడితే తేట నీళ్ళు వస్తాయి. బిందె ముంచితే చెలమ అడుగంటుతుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పీజోకి బిందె లాంటిది.

లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే దుకాణంవాడు ఏం చెప్పినా మీరు మోసపోరు. పీజో బిళ్ళ ఒక కెపాసిటర్ లాగా, అంటే కాస్త విద్యుత్తుని నిలవ ఉంచే భాగంలా ఉంటుంది. మీ క్లిప్‌లోది 2 నానోఫారడ్‌లు ఉందనుకుందాం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (విద్యుత్తుని తోడకుండా అడ్డుకునే గుణం, ఎంత ఎక్కువైతే అంత తక్కువ తోడుతుంది) సాధారణంగా 10 నుంచి 20 కిలో ఓమ్‌లు. ఈ రెండూ కలిస్తే, సుమారు 4,000 నుంచి 8,000 హెర్ట్జ్‌కి కిందున్న ధ్వని అంతా పల్చబడటం మొదలవుతుంది. కిందికి వెళ్ళేకొద్దీ ఇంకా పల్చన. మీ వాయిద్యంలో వేలు నొక్కని ఖాళీ తీగలు E (ఈ) 41 హెర్ట్జ్, A (ఏ) 55, D (డీ) 73, G (జీ) 98. E తీగ మూల స్వరం వందో వంతుకో ఇంకా తక్కువకో పడిపోతుంది. మిగిలేది వేలి గీత, తీగ టిక్కు. మీరన్న రేకు డబ్బా అదే.

అదే పికప్‌ని 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కి పెడితే ఆ హద్దు 80 హెర్ట్జ్‌కి దిగుతుంది. జీ తీగ బాగుంటుంది, E తీగ ఇంకా సన్నగానే ఉంటుంది. 10 మెగా ఓమ్‌లకి పెడితే 8 హెర్ట్జ్. అప్పుడు వాయిద్యంలో ఉన్న బేస్ అంతా వస్తుంది. పికప్ మారలేదు, కర్ర మారలేదు, వాయించే చెయ్యి మారలేదు. గిటారుకి పనికొచ్చేది డబుల్ బేస్‌కి చాలకపోవడానికి కారణం కూడా ఇదే. గిటారు అడుగు తీగ 82 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, మీది దానికి ఒక స్థాయి కింద మొదలవుతుంది.

కాబట్టి ఇవాళే చేయగలిగిన పని: మీ మిక్సర్ వెనకో పైనో గిటారు బొమ్మ గానీ, హై-జెడ్ (ఎక్కువ ఇంపిడెన్స్) అనే మీట గానీ ఉందేమో చూడండి. ఉంటే ఆ చానల్ ఇంపిడెన్స్ చాలావాటిలో 1 మెగా ఓమ్ దాకా ఉంటుంది. పికప్ అందులో పెట్టి E తీగ మీటండి. తేడా అక్కడికక్కడే వినపడుతుంది. మైక్‌సెట్ వాళ్ళ దగ్గరుండే మామూలు డీఐ పెట్టె (వాయిద్యాన్ని మిక్సర్ మైకు వైరుకి కలిపేది) మాత్రం నమ్ముకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ రకం డీఐలు వంద, నూట యాభై కిలో ఓమ్‌ల దగ్గరే ఉంటాయి. పీజోకి అది కూడా బిందే.

హై-జెడ్ లేకపోతే ప్రీ-ఆంప్, అంటే మిక్సర్‌కి ముందు పెట్టే చిన్న ఆంప్లిఫయర్ కావాలి. ఎల్.ఆర్. బ్యాగ్స్ వాళ్ళ పారా డీఐ, రేడియల్ వాళ్ళ పీజెడ్-డీఐ లాంటివి పీజో కోసమే 10 మెగా ఓమ్ ఇన్‌పుట్‌తో చేసినవి. దిగుమతి సరుకు, దొరికిన ధర చూసుకుని కొనండి. కానీ మీ పదిహేను వేలు అంతా అందులో పెట్టే ముందు, మీ ఊళ్ళో టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. టీఎల్072 అనే ఐసీతో బఫర్ (పికప్‌కీ మిక్సర్‌కీ మధ్య నిలబడే చిన్న సర్క్యూట్) కట్టమనండి. ఇన్‌పుట్ దగ్గర 10 మెగా ఓమ్‌ల రెసిస్టరు, 9 వోల్టుల బ్యాటరీ, దాన్ని సగానికి విడగొట్టే రెండు రెసిస్టర్లు, రెండు మూడు కెపాసిటర్లు, రెండు పీ-38 సాకెట్లు. ఇంతే. ఆ ఐసీ ఫెట్ ఇన్‌పుట్ రకం, తనంతట తాను ఏమీ తోడదు, చెలమ దగ్గర చిప్ప పని చేస్తుంది. పని తెలిసినవాడికి ఒక సాయంత్రం పని. ఒక షరతు: పెట్టె ఇనుముదో అల్యూమినియందో అయి ఉండాలి, దాన్ని ఆ పీ-38 సాకెట్ల ఎర్త్‌కి కలపాలి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే మీకు ఇంకో కష్టం వస్తుంది.

ఆ కష్టం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో బేస్ వాయించేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్. E తీగ మీద మీరు వాయించే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే వైర్లలోంచి వచ్చే బుయ్యిమనే హమ్ సరిగ్గా మీ వాయిద్యం అడుగున, మీ స్వరం పక్కనే కూర్చుంటుంది. గాయకుడి మైకులో హమ్ వస్తే ఆ కింద అంతా కోసేయొచ్చు, ఆయనకేం నష్టం లేదు. మీరు కోస్తే మీ జీ పోతుంది. అందుకని ఈక్వలైజర్‌తో హమ్ తగ్గించే దారి మీకు లేదు. రానివ్వకుండా ఆపడమే దారి. పికప్ నుంచి ప్రీ-ఆంప్ దాకా షీల్డ్ వైరే (చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) వాడాలి, వీలైనంత పొట్టిగా. రెండు మీటర్లు మించకపోతే మంచిది. ప్రీ-ఆంప్ దాటాక ఎంత పొడుగు వైరైనా లాగండి. పికప్ మీద వేలు పెడితే హమ్ పెరుగుతోందంటే షీల్డింగ్ సరిగా లేదన్నమాట. బిళ్ళ చుట్టూ రాగి టేపు చుట్టి ఎర్త్‌కి కలపాలి. బిళ్ళ మధ్య భాగం ఆ రాగి టేపుకి తగలకుండా రెంటికీ మధ్యలో ఇన్సులేషన్ టేపు వేయాలి. చర్చిలో సీరియల్ లైట్లు వెలిగించాక ఒకసారి విని చూసుకోండి. క్రిస్మస్ రాత్రి అవి వెలిగాక తెలిస్తే ఏమీ చేయలేం.

ఇవన్నీ అయ్యాక కూడా మీ క్లిప్ నచ్చకపోతే అప్పుడు పికప్ గురించి ఆలోచిద్దాం. చిల్లు పెట్టాల్సిన పని దేనికీ లేదు. వాయిద్యం చెక్కకి చిల్లు పెట్టమన్నవాడి చేతికి వాయిద్యం ఇవ్వకండి.

డబుల్ బేస్ పికప్‌లు ఎక్కడ కూర్చుంటాయన్నదే వాటి స్వభావం నిర్ణయిస్తుంది. బ్రిడ్జి రెండు పక్కలా రెక్కల్లాంటి చీలికలు చూశారు కదా. అండర్‌వుడ్ అనే పికప్ రెండు చీలికల్లోనూ దూరుతుంది. కే అండ్ కే వాళ్ళ బేస్ మ్యాక్స్ ఒక్క చీలికలో ఇముడుతుంది. ఇవి వేలితో మీటేవాళ్ళకి స్వరం తీరుగా, ముందుకి వచ్చి వినపడేలా చేస్తాయి. మీకు నేను మొదట సిఫారసు చేసేది ఈ రకమే, ఎందుకంటే తీగలు వదులు చేయకుండానే పెట్టొచ్చు. న్యూయార్క్‌లో డేవిడ్ గేజ్ దుకాణం నుంచి వచ్చిన రియలిస్ట్ అనే పికప్‌ది వేరే పద్ధతి. పల్చటి రాగి రేకు లాంటిది బ్రిడ్జి ఎడమ పాదం కింద, అంటే లావు తీగ వైపు దూర్చాలి. శబ్దం గంభీరంగా, చెక్క వాసన తెలిసేలా ఉంటుంది. కానీ సౌండు పెంచితే ఊళ తొందరగా వస్తుంది, పైగా పాదం ఎత్తాలి. ఫిష్‌మన్ వాళ్ళ ఫుల్ సర్కిల్ బ్రిడ్జి కాళ్ళలో ఉండే ఎత్తు సర్దే చక్రం స్థానంలో వస్తుంది. మంచి పికప్ అది, నాకు ఇష్టం. కానీ మీ బ్రిడ్జికి ఆ చక్రాలు ముందే ఉండాలి, మర కొలత సరిపోవాలి. లేకపోతే బ్రిడ్జి కాళ్ళు కోసి పెట్టాలి, అది వయొలిన్ కుటుంబం పని తెలిసినవాళ్ళే చేయాలి. అయస్కాంతం పికప్‌లు కూడా ఉన్నాయి, ఉక్కు తీగలకే పనిచేస్తాయి, ఊళ బాగా తక్కువ, కానీ వినడానికి బేస్ గిటార్‌కి దగ్గరగా ఉంటుంది. మీ పెదనాన్నగారి వాయిద్యానికి ఆ గొంతు పెట్టాలని నాకైతే అనిపించదు.

కొనకుండా ఒక ప్రయోగం చేయొచ్చు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో బజర్ కోసం అమ్మే ఇత్తడి పీజో బిళ్ళ, 27 మిల్లీమీటర్లది, పదో ఇరవయ్యో రూపాయలకి దొరుకుతుంది. దాని కెపాసిటీ సుమారు 20 నానోఫారడ్‌లు, అంటే మామూలు 1 మెగా ఓమ్‌కి పెట్టినా హద్దు 8 హెర్ట్జే. ఎర్త్ ఇత్తడికి, లోపలి వైరు మధ్య తెల్ల భాగానికి టంకం వేయాలి. టంకం చటుక్కున వేసి తీసేయాలి, ఎక్కువసేపు వేడి తగిలితే బిళ్ళ గుణం చచ్చిపోతుంది. దీన్ని బ్రిడ్జి పాదం కింద మాత్రం పెట్టకండి, పింగాణీ ముక్కలవుతుంది. బట్టల క్లిప్పుకి లోపల కార్కు అంటించి, బిళ్ళని బ్రిడ్జి ముఖానికి ఆనించి పట్టించండి. ఎడమ వైపు పెట్టి వినండి, తర్వాత కుడి వైపు, తర్వాత పైకి జరిపి. ఎడమ పాదం కింద, పైచెక్క లోపలి వైపున, బేస్ బార్ అనే కర్ర పొడవునా అంటించి ఉంటుంది. కుడి పాదం సౌండ్ పోస్ట్ దగ్గర ఉంటుంది. అందుకని ఎడమన లావుగా, కుడిన వేలి దెబ్బ స్పష్టంగా వినపడుతుంది. చెవి ఎక్కడ బాగుందంటే మీ అసలు పికప్ అక్కడికి. ఇలా అరగంట గడిపినవాడికి తన వాయిద్యం గురించి తెలిసేది ఏ ప్రకటనలోనూ దొరకదు.

చీలికలో పికప్ బిగించడం గురించి. చీలిక వెడల్పు ఎక్కువైతే పికప్ వదులుగా ఉండి గరగరమంటుంది, ధ్వని నీరసంగా వస్తుంది. మరీ బిగుతైతే ధ్వని గొంతు పట్టినట్టు అవుతుంది, బలవంతంగా దూర్చితే మేపుల్ రెక్క విరుగుతుంది. వేళ్ళతో మెల్లగా లాగితే రాకూడదు, కొంచెం గట్టిగా లాగితే రావాలి. అదీ కొలత. వదులుగా ఉంటే పల్చటి చెక్క పేడుతోనో విజిటింగ్ కార్డు ముక్కతోనో సర్దాలి. మీ దగ్గర వానాకాలంలో చెక్క ఉబ్బి చీలిక బిగుస్తుంది, వేసవికి వదులవుతుంది. ఏడాదికి రెండుసార్లు చూసుకోవాల్సిందే. వైరుని తోకముక్క (తీగల కింది కొసలు తగిలించే ముక్క) దగ్గర ఉన్ని గుడ్డతో కట్టేయండి, ఊగి చెక్కకి తగిలితే ప్రతి స్వరానికీ టపటపమంటుంది. సాకెట్‌ని బ్రిడ్జికీ తోకముక్కకీ మధ్య తీగల మీద బిగించే క్లిప్పులు ఉంటాయి, అవి చాలు.

బొబ్బిలి సంగతి. గొల్లపల్లిలో పనస కర్రని తొలిచి ఏకాండి వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాల చేతి పని మీద నాకెంతో గౌరవం. చెక్కని అంత సన్నగా చూసే కన్ను మన చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. చీలికలో పెట్టే పేడు మీకు వాళ్ళకన్నా బాగా ఎవరూ చేసివ్వలేరు. కానీ వీణలో సౌండ్ పోస్ట్ ఉండదు. వీణ గుర్రం (వీణ బ్రిడ్జి) తీసి పెట్టడం వాళ్ళకి రోజూ పనే కాబట్టి, మీ బ్రిడ్జి కూడా అలాగే తీసేయొచ్చు అనుకునే అవకాశం ఉంది. అందుకని బ్రిడ్జి పట్టుకెళ్ళకండి. చీలిక వెడల్పు పైన, మధ్యన, చివరన మూడు చోట్ల కొలిచి, అట్టముక్క కోసి దూర్చి చూసి, ఆ అట్టముక్క పట్టుకెళ్ళండి. పికప్ కూడా వెంట తీసుకెళ్ళండి. రెండూ ముందు పెట్టి, ఈ రెంటికీ మధ్య ఖాళీ నిండే పేడు కావాలంటే వాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఉదయం రైలుకి వెళ్ళి సాయంత్రానికి రావచ్చు.

ఎప్పటికైనా పాదం కింద పెట్టే రకమే కొంటే, వాయిద్యాన్ని దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టండి. బ్రిడ్జి పాదాల చుట్టూ పెన్సిలుతో సన్నగా గీత గీయండి. ఎఫ్ రంధ్రాల లోపలి గాట్లు కూడా బ్రిడ్జి ఉండాల్సిన వరసని చూపిస్తాయి. నాలుగు తీగలూ కొంచెం కొంచెంగా, సగం చుట్టు చొప్పున వదులు చేయాలి, పూర్తిగా కాదు. ఇంకొకరు బ్రిడ్జి పట్టుకుని ఎడమ పాదం వెంట్రుక వాసి ఎత్తితే మీరు రేకు దూర్చాలి. మళ్ళీ బిగించేటప్పుడు తీగలు బ్రిడ్జి తలని మెడ వైపు లాగుతాయి, ప్రతి రెండు చుట్లకీ చూసి నిటారుగా సర్దాలి.

ఊళ పూర్తిగా పోతుందని అనుకోకండి, పికప్ పెట్టినా కొంత ఉంటుంది. స్పీకర్ శబ్దం వాయిద్యం పొట్టని కదిలిస్తుంది, అది మళ్ళీ పికప్‌లోకి వెళ్తుంది. స్పీకర్‌ని చెక్క వేదిక మీద కాకుండా స్టాండు మీద పెట్టించండి, మీరు దాని ముందు కాకుండా పక్కకి నిలబడండి. మిక్సర్‌లో లో-కట్ మీట సాధారణంగా 80 హెర్ట్జ్ దగ్గర కోస్తుంది, అది మీ చానల్‌లో నొక్కకూడదు, నొక్కి ఉందేమో ప్రతిసారీ చూడండి. మీకు కావాల్సింది 35, 40 దగ్గర కోసే ఫిల్టరు. అక్కడ మీ స్వరం ఏదీ లేదు, హాలు హోరు ఉంటుంది. ప్రీ-ఆంప్‌కి ఫేజ్ మీట ఉంటే రెండు వైపులా నొక్కి చూడండి, ఒకవైపు ఊళ తగ్గుతుంది. ఆపైన, ఖాళీ హాల్లో సౌండు నెమ్మదిగా పెంచుతూ ఊళ మొదలైన క్షణాన ఫోన్‌లో ట్యూనర్ చూడండి. అది ఏ స్వరమో చూపిస్తుంది. ఆ ఒక్క స్వరం దగ్గరే ఈక్వలైజర్ కొంచెం దించితే చాలు. బేస్ అంతా దించేయకండి, మీరు ఇన్నాళ్ళు వెతికింది దాని కోసమే.

తబలా ఉంటుందా మీ చర్చిలో? ఉంటే తబలా జతలోని డగ్గా, మీ A తీగ ఒకే చోట తోసుకుంటాయి. ఆయనతో కూర్చుని ఒక కీర్తన మొత్తం వాయించి, ఎవరు ఎక్కడ తగ్గాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

మళ్ళీ రాసేటప్పుడు రెండు సంగతులు రాయండి. ఆ క్లిప్ పికప్‌ని మెకానిక్ మీటర్‌లో కెపాసిటీకి పెట్టి ఎన్ని నానోఫారడ్‌లు చూపిస్తోందో. మీ బ్రిడ్జి కాళ్ళలో చక్రాలు ఉన్నాయో లేవో. మొదటిది తెలిస్తే మీకు 1 మెగా ఓమ్ చాలో 10 కావాలో చెబుతాను. రెండోది తెలిస్తే మిగిలిన డబ్బుతో ఏది కొనాలో చెబుతాను.